లె మాన్స్‌లో గెలిచింది ఫెరారీనా, పోర్షేనా? ఉగ్గాని పందెం తేలడం లేదు

ప్రశ్న (అనంతపురం):
మా బామ్మర్ది కొడుకుతో పందెం వేసుకున్నా. ఫ్రాన్స్‌లో జరిగే 2025 లె మాన్స్ 24 గంటల కార్ల రేసు ఫెరారీ గెలిచిందని నేను, పోర్షే అని వాడు. ఓడినోళ్ళు వారం రోజులు ఉగ్గాని, బజ్జీ పెట్టించాలి. తీరా వీడియో చూస్తే పోర్షే వాళ్ళూ గెలిచామని ఎగురుతున్నారు, ఇంకెవరో మూడో టీమూ ఎగురుతోంది. ఒక రేసుకు ఇంతమంది విజేతలేందప్పా?

జవాబు 1 (గుత్తి):
అన్నా, నాకు హైవే పక్కన టైర్ల షాపు ఉంది. అంతకుముందు మా మామ లారీలో క్లీనర్‌ని, ఢిల్లీకి చీనీకాయల లోడ్లు తోలేవాళ్ళం. నాకు తెలిసిన లెక్కలో చెప్తా.

హైవే మీద లారీ పోతుంది, వోల్వో బస్సు పోతుంది, టాటా ఏస్ పోతుంది. ఏస్ వాడు పోటీ పడేది ఇంకో ఏస్‌తోనే. అక్కడా అంతే. 2025లో 62 కార్లను ఒకేసారి వదిలారు, మన టైముకు శనివారం రాత్రి ఏడున్నరకు. అందులో మూడు క్లాసులు. హైపర్‌కార్లంటే పెద్ద కంపెనీలు రేసు కోసమే చేసిన బండ్లు. ఎల్ఎంపీ2 అనే రెండో క్లాసులో అందరిదీ ఒరెకా కంపెనీ బండే, గిబ్సన్ కంపెనీ ఇంజనే. జీటీ3 అంటే షోరూములో అమ్మే స్పోర్ట్స్ కారునే రేసుకు తయారుచేసింది. అందులో ముగ్గురు డ్రైవర్లలో ఒకరు రేసింగ్ వృత్తి కానివాడై ఉండాలి, ఆయన కనీసం ఆరు గంటలు తోలాలి. నాకు ఈ క్లాసే ఇష్టం.

మొత్తం మీద గెలిచింది 83 నంబరు పసుప్పచ్చ ఫెరారీ, 387 ల్యాపులు (ట్రాక్ చుట్టూ చుట్లు) తిరిగింది. ఎల్ఎంపీ2లో పోలండ్ టీమ్ ఇంటర్ యూరోపోల్. జీటీ3లో మాంథీ టీమ్ వాళ్ళ 92 నంబరు పోర్షే. మీ అల్లుడు చూసింది అదే.

క్లాసు గెలుపే కదా అని తీసిపారేయొద్దు. ఆ ఫెరారీ తోలిన కుబిట్సా, యె యిఫేలు 2021లో ఎల్ఎంపీ2లో ఒకే బండిలో ఉన్నారు. ముందున్నది వాళ్ళే. సరిగ్గా ఆఖరి ల్యాపులో బండి ఆగిపోయింది, స్టీరింగ్ దగ్గర యె యిఫే ఉన్నాడు. 23 గంటలు దాటాక! మా మామ ఒకసారి నాగపూర్ దాటి ఇంజన్ పట్టేస్తే రోడ్డు పక్కన కూర్చుని మాట్లాడకుండా బీడీ తాగాడు, నాకు ఆ మొహమే గుర్తొచ్చింది. 2011లో ర్యాలీ కార్ల రేసు ప్రమాదంలో కుడి చెయ్యి దాదాపు పోగొట్టుకున్న మనిషి కుబిట్సా. 2025లో చివరి గంటలన్నీ ఆయనే తోలాడు.

ఇంకో మాట, నా వృత్తి కాబట్టి. ఆ కార్లకు చక్రం మధ్యలో ఒక్కటే నట్టు. మా దగ్గర లారీ చక్రానికి పది. తుప్పు పట్టి ఉంటే పానాకు పైపు తొడిగి, దాని మీద ఎక్కి తొక్కాలి. డ్రైవర్ల విషయంలోనూ వాళ్ళే నయం. ఆరు గంటల్లో నాలుగు గంటలకు మించి, మొత్తం మీద పద్నాలుగు గంటలకు మించి ఒకడే తోలకూడదు. మా మామకు ఈ రూలు చెప్తే నవ్వాడు.

జవాబు 2 (కర్నూలు):
మనవాడి సంగతి కూడా చెప్పండి. 2012 లె మాన్స్‌లో మన దేశపు డ్రైవర్ కరుణ్ చాందోక్ ఉన్న జేఆర్ఎం టీమ్ కారు మొత్తం మీద ఆరో స్థానంలో వచ్చింది.

అడిగినవారు:
థాంక్స్ తమ్ముడూ. వాడికి చదివి వినిపించా. "నేను క్లాసు అనే అన్నా మామా" అంటున్నాడు, అబద్ధాలకోరు. మూడు రోజులు వాడు, మూడు రోజులు నేను పెట్టించేట్టు ఒప్పందం. ఏడో రోజు దగ్గర ఆగింది.

జవాబు 1 (గుత్తి):
ఏడో రోజు ఇద్దరూ గుత్తికి రండి, నేను పెట్టిస్తా. ఉదయం తొమ్మిది దాటితే మా దగ్గర బజ్జీలు అయిపోతాయి.