చాపెల్ పోర్త్ బీచ్, పాత గని: పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా?

ప్రశ్న:
నమస్తే అండి. వచ్చే శనివారం ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో సెయింట్ ఆగ్నెస్ దగ్గరున్న చాపెల్ పోర్త్ బీచ్‌కి వెళ్దామనుకుంటున్నాం. రాజమండ్రి నుంచి అమ్మానాన్న వచ్చారు, ఆరేళ్ళ బాబు ఉన్నాడు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. కొండ అంచున ఉన్న పాత గని కట్టడం ఆయనకి చూపించాలని ఉంది. బీచ్ నుంచి ఎక్కొచ్చా?

జవాబు:
బీచ్ నుంచి వద్దండి, ఆ దారి బాగా నిటారు. ఆ గని పేరు వీల్ కోట్స్. బీకన్ డ్రైవ్ వైపు కొండ మీదే నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాలు, తీరాలు కాపాడే సంస్థ) కార్ పార్క్ ఉంది, అక్కడ ఆపితే నడక తక్కువ. అంచున ఉన్న టోవన్‌రోత్ ఇంజన్ హౌస్ దాకా వెళ్ళాలంటే కొంత దిగాలి. నాన్నగారు పైన నిలబడి చూసినా సముద్రంతో సహా కనిపిస్తుంది. గనిలో ఊరే నీటిని ఆవిరి యంత్రంతో తోడడానికి 1872లో కట్టారు దాన్ని. తవ్వింది తగరం, కొంత రాగి.

బాబు చెయ్యి మాత్రం వదలకండి. చుట్టూ పాత షాఫ్టులు (గనిలోకి తవ్విన లోతైన గుంతలు) ఉన్నాయి, కాలిబాట దాటొద్దు. ఖనిజాన్ని కాల్చి ఆర్సెనిక్ అనే విషాన్ని తీసేసిన బట్టీ శిథిలం కూడా అక్కడే ఉంది. ఆ మట్టిలో ఆడనివ్వకండి, ఏమైనా తినిపించే ముందు చేతులు కడిగించండి.

మరో జవాబు:
బీచ్‌కి దిగేట్టయితే ముందు టైడ్ టైము చూసుకోండి. వైజాగ్‌లో ఆటుకీ పోటుకీ నీటిమట్టంలో తేడా రెండు మీటర్ల లోపే. ఇక్కడ పున్నమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజుల్లో ఆరు మీటర్లు దాటుతుంది. లో టైడ్‌లో దక్షిణాన పోర్త్‌టోవన్ దాకా ఇసుకే. హై టైడ్‌కి నీళ్ళు కొండ పాదాన్ని కొడతాయి, నిలబడడానికి చోటుండదు. మేం మొదటిసారి గుహల దగ్గర ఫొటోలు తీసుకుంటూ ఉండిపోయాం. వెనక్కి తిరిగేసరికి వచ్చిన దారిలో మోకాలి లోతు నీళ్ళు! పాపని భుజాన వేసుకుని బయటపడ్డాం. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే. నీళ్ళు వెనక్కి పోతుండగా దిగండి, లో టైడ్ టైముకల్లా తిరుగుముఖం పట్టండి. గుహల్లోకి వెళ్ళొద్దు, పైనుంచి రాళ్ళు పడతాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి, టెన్షన్ తగ్గింది. పొద్దున్న పైన గని చూసి, తర్వాత కారులోనే కింద బీచ్‌కి వెళ్తాం. టైడ్ టేబుల్‌లో లో టైడ్ 1:10 అని ఉంది.

జవాబు:
ఆ టేబుల్ జీఎంటీలో (ఇక్కడి చలికాలం టైములో) ఉందేమో చూడండి. వేసవిలో ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు, కాబట్టి గంట కలపాలి, అంటే 2:10. కింది కార్ పార్క్ చిన్నది, ఎండ కాస్తే తొందరగా నిండిపోతుంది. బాబు నీళ్ళలో దిగితే లైఫ్‌గార్డులు పెట్టిన ఎరుపు, పసుపు జెండాల మధ్యే ఉంచండి. ఎవరైనా ఇరుక్కుంటే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ అని అడగండి.