ఈమెయిల్ ప్రోగ్రామ్ ఒక్కటే ర్యామ్‌లో సగం తీసుకుంటోంది, ఎలా తగ్గించాలి?

నమస్కారం. మా నాన్నగారి పాత కంప్యూటరులో ఉన్నది 4 జీబీ ర్యామ్. పదిహేనేళ్ల ఉత్తరాలు, మూడు ఐమ్యాప్ (ఉత్తరాలను సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతి) ఖాతాలు ఒకే డెస్క్‌టాప్ ఈమెయిల్ ప్రోగ్రామ్‌లో ఉన్నాయి. తెరిచిన కాసేపటికే టాస్క్ మేనేజర్‌లో దాని వాడకం 1,900 ఎంబీ దాటుతోంది. దానికి తోడు బ్రౌజరు కూడా తెరిస్తే మౌసు కదలడం లేదు. నిన్న ఆయన పింఛను గురించి సగం రాసిన ఉత్తరం అలాగే పోయింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి ఒక్కో అక్షరం టైప్ చేశారు. చూడలేకపోయాను.

ఇన్‌బాక్స్ ఉత్తరాలన్నీ కలిపి దాచే ఎంబాక్స్ ఫైలు ఒక్కటే 11 జీబీ ఉండేది. తొలగించిన ఉత్తరాలు కూడా కాంపాక్ట్ చేసేదాకా, అంటే ఫైలును కుదించేదాకా, అందులోనే ఉంటాయని తెలిసి ఆ పని చేశాను, 7 జీబీకి దిగింది. డిస్కులో చోటు మిగిలింది గానీ ర్యామ్ వాడకం తగ్గలేదు. యాడ్ఆన్లన్నీ (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు) ఆపినా అంతే.

నా అనుమానమంతా వెతుకులాట కోసం నడిచే ఇండెక్సింగ్ (ఉత్తరాల్లోని పదాలకు సూచిక తయారుచేయడం) మీద. దాన్ని ఆపేస్తే నాన్నగారు పాత ఉత్తరాలు వెతుక్కోగలరా? లేక ఏడాదికొక ఆర్కైవ్ ఫోల్డరుగా విడగొట్టడం మేలా? ఒక్క ఉత్తరం కూడా పోకూడదు, వాటిలో మా అమ్మ రాసినవి ఉన్నాయి. ముందుగా ఏ ఫోల్డరును కాపీ చేసి దాచుకోవాలో కూడా తెలిసినవారు దయచేసి చెప్పండి.