జిమ్ లాకర్‌లో ఫోను, పర్సు కలిపి పెట్టడం ఎంతవరకు క్షేమం? దొంగతనం జరిగితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న – కొండాపూర్_వాసి

నమస్కారం. హైదరాబాదు కొండాపూర్‌లో మేము వెళ్ళే జిమ్‌లో ఇటీవల ఒక సాయంత్రం దుస్తులు మార్చుకునే గదిలోని లాకర్ తాళం విరగ్గొట్టి, నా సహోద్యోగి ఫోను, పర్సు ఎత్తుకుపోయారు. ఆయన వ్యాయామం ముగించి, స్నానం చేసి వచ్చేంత వరకు ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఈలోగా ఆయన కార్డుతో రెండు దుకాణాల్లో కొనుగోళ్ళు జరిగాయి. రాత్రికి యూపీఐ ద్వారా కూడా ఖాతాలోంచి డబ్బు వెళ్ళింది. ఫోనుకు వేలిముద్ర, పాస్‌వర్డ్ రెండూ ఉన్నాయి, యూపీఐ పిన్ ఆయన ఎవరికీ చెప్పలేదు. అయినా ఇది ఎలా సాధ్యమైందో మాకు అంతుపట్టడం లేదు.

నిర్వాహకులను అడిగితే, “విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు” అని గోడకు తగిలించిన బోర్డు చూపించి ఊరుకున్నారు. ఆఫీసు నుంచి నేరుగా జిమ్‌కు వెళ్ళే మాలాంటివారు వస్తువులన్నీ ఇంట్లో పెట్టి వెళ్ళలేరు కదా. అలాంటప్పుడు ఏది వెంట ఉంచుకోవాలి, ఏది లాకర్‌లో పెట్టాలి, ఆ బోర్డుకు చట్టంలో ఉన్న విలువ ఎంత అనే విషయాలు తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు – బ్యాంకు_కౌంటర్_విజయవాడ

మీ సహోద్యోగికి జరిగిన నష్టం విని బాధ కలిగింది. ఇలాంటి ఫిర్యాదులు మా శాఖకు కూడా వస్తుంటాయి కాబట్టి డబ్బు ఎలా వెళ్ళి ఉంటుందో కొంత చెప్పగలను.

ముందు కార్డు సంగతి చూద్దాం. 2021 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు అనుమతి మేరకు, తాకించి చెల్లించే కార్డులతో ఒక్కో లావాదేవీకి రూ. 5,000 వరకు పిన్ లేకుండానే చెల్లించవచ్చు. దుకాణంలో కార్డు యంత్రానికి ఆనించిన వ్యక్తి ఎవరని అడిగేవారు ఉండరు. అయితే ఈ సదుపాయాన్ని పూర్తిగా ఆపివేయడానికి, లేదా పరిమితిని తగ్గించుకోవడానికి ఖాతాదారుకు అవకాశం ఉంది. మీ బ్యాంకు యాప్‌లో కార్డు నియంత్రణల విభాగంలోకి వెళితే దుకాణం, ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలకు వేరువేరు మీటలు కనిపిస్తాయి. తాకించి చెల్లించడం మీకు అలవాటు లేకపోతే ఈ రోజే ఆపివేయండి.

యూపీఐ విషయం ఇంకా ముఖ్యమైనది. దొంగకు మీ ఫోను తెరవవలసిన అవసరమే లేదు. అందులోని సిమ్‌ను తీసి మరో ఫోనులో వేసుకుంటే మీ నంబరుకు వచ్చే ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. యూపీఐ యాప్ మన ఫోనును గుర్తించేది ఆ సిమ్ నుంచి వెళ్ళే సందేశం ఆధారంగానే. ఇక పిన్ మార్చుకోవడానికి సాధారణంగా అడిగేవి డెబిట్ కార్డులోని చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, కొన్ని అడగవు. కొత్త ఫోనులో నమోదైన తొలి గంటల్లో పంపగల మొత్తంపై పరిమితి ఉన్నా, ఆ పరిమితిలోపు డబ్బు పోవడానికి అడ్డేమీ ఉండదు. అందుకే ఫోను ఒక్కటే పోయినా, పర్సు ఒక్కటే పోయినా జరగని నష్టం, రెండూ ఒకే లాకర్‌లో దొరికినప్పుడు జరుగుతుంది. మీరు ఏ తాళం కొన్నా సరే, ఈ రెండింటినీ ఒకే చోట పెట్టవద్దని నా గట్టి విన్నపం.

దీనికి అడ్డుకట్ట సిమ్ పిన్. ఫోను సెట్టింగులలో సిమ్‌కు నాలుగు అంకెల పిన్ పెట్టుకుంటే, దానిని మరో ఫోనులో వేసిన వెంటనే ఆ పిన్ అడుగుతుంది. కంపెనీ ఇచ్చిన తొలి పిన్ ఏమిటో తెలుసుకున్న తర్వాతే మార్చండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ మూసుకుపోయి, దానిని తిరిగి తెరిచే పీయూకే సంఖ్య అడుగుతుంది. అది పదిసార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది. దీనితో పాటు, తెర తాళం వేసి ఉన్నప్పుడు సందేశాల్లోని విషయం కనబడకుండా కూడా చేయండి. లేకపోతే తాళం తీయని ఫోనుపైనే ఓటీపీ చదువుకోవచ్చు.

డబ్బు పోయినట్టు తెలిసిన క్షణమే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి, బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే అనధికార లావాదేవీల నష్టాన్ని బ్యాంకే భరించాలి. అందుచేత ఫిర్యాదు చేసిన సమయానికి రుజువు ఉండటం చాలా అవసరం.

జవాబు – వ్యాయామ_శిక్షకుడు

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ, తాళాల గురించి నాలుగు మాటలు చెబుతాను. ప్రయాణపు సంచులకు వేసే చిన్న తాళాలను చాలామంది లాకర్లకు వాడుతున్నారు. వాటి కొక్కెం ఎంత సన్నగా ఉంటుందంటే, చేతిసంచిలో పట్టే కట్టర్‌తో క్షణంలో తెగిపోతుంది. కొక్కెం చాలా భాగం లోపలే దాగి ఉండే గుండ్రటి తాళం కొంటే కట్టర్‌కు పట్టు దొరకదు. అయితే పలచని రేకు తలుపుకు రెండు స్క్రూలతో బిగించిన గొళ్ళెం ఉన్నప్పుడు, తాళం ఎంత గట్టిదైనా గొళ్ళెమే ఊడివస్తుంది. కాబట్టి కొత్తగా చేరేవారు యంత్రాలతో పాటు లాకరు తలుపును కూడా ఒకసారి చేత్తో లాగి చూడటం మంచిది.

అంకెల మీటలున్న లాకర్లలో యాజమాన్యం దగ్గర ఉండే ప్రధాన సంకేతం ఒకటి ఉంటుంది. తయారీదారు ఇచ్చిన సంకేతాన్నే మార్చకుండా వాడుతున్నారేమో నిర్వాహకులను తప్పకుండా అడగండి. అలా అడగడం సభ్యుల హక్కు.

నేను గమనించినంతలో తాళం విరగ్గొట్టి చేసే దొంగతనాల కంటే, తాళంచెవిని నీళ్ళ సీసా పక్కన పెట్టి వేరే యంత్రం దగ్గరికి వెళ్ళినప్పుడు జరిగేవే ఎక్కువ. చెవికి లాకరు సంఖ్య బిళ్ళ కూడా తగిలించి ఉంటే వెతికే శ్రమ కూడా ఉండదు. బండి లేదా కారు తాళం లాకర్‌లో దొరికినవాడు కింద పార్కింగ్‌లో మీట నొక్కి, ఏ బండి దీపం వెలిగితే అది తీసుకుని వెళ్ళిపోగలడు. ఫోనును చేతికి కట్టుకునే పట్టీలోనో నడుముకు బిగుతుగా ఉండే సంచిలోనో మీతోనే ఉంచుకుని, కార్డులు, బండి తాళం మనిషి ఎప్పుడూ ఉండే రిసెప్షన్‌లో టోకెన్ మీద అప్పగించడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి పద్ధతి.

జవాబు – శ్రీవల్లి_కేపీహెచ్‌బీ

స్త్రీల వైపు నుంచి ఒక విషయం చేర్చాలనిపించింది. బరువులెత్తేటప్పుడు గొలుసులు, ఉంగరాలు అడ్డం వస్తాయని తీసి లాకర్‌లో పెట్టేవారు చాలామంది ఉన్నారు. ఉంగరంతో బరువు పట్టుకుంటే వేలికి గాయమయ్యే ప్రమాదం నిజమే కాబట్టి తీయడం సరైనదే, కాని తీసేది ఇంట్లోనే తీయాలి. తాళి తీయడానికి మనసు ఒప్పని మా పిన్ని, జిమ్‌కు వెళ్ళే నెలల్లో సూత్రాలను పసుపుతాడుకు కట్టుకుని, బంగారు గొలుసును ఇంట్లోనే ఉంచుతారు. అది నాకు చాలా తెలివైన ఏర్పాటుగా తోచింది.

2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న హాల్‌మార్కు నగలపై ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. బిల్లును, నగను ఫోటో తీసి, ఆ సంఖ్యను రాసి పెట్టుకుంటే, దొరికిన నగ మనదేనని చూపించడం తేలికవుతుంది.

జవాబు – న్యాయవాది_హనుమకొండ

బోర్డు విషయంలో నా అభిప్రాయం చెబుతాను. మీ వస్తువును మీరే మీ సొంత తాళంతో పెట్టుకున్నారా, లేక జిమ్ సిబ్బందికి అప్పగించారా అనే దానిపై చాలా ఆధారపడి ఉంటుంది. రిసెప్షన్‌లో టోకెన్ తీసుకుని అప్పగిస్తే అది 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో, వస్తువును తిరిగి తీసుకునే షరతుతో మరొకరికి అప్పగించడాన్ని వివరించే 148వ సెక్షన్ కిందకు వస్తుంది. ఆ వస్తువును, మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలని 151వ సెక్షన్ చెబుతుంది. ఢిల్లీలోని ఒక హోటల్లో పార్కింగ్ కోసం సిబ్బందికి అప్పగించిన కారు దొంగతనానికి గురైన కేసులో సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పు ఇస్తూ, “యజమాని బాధ్యతపైనే” అనే షరతును అడ్డుపెట్టుకుని హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని చెప్పింది. అది హోటల్‌కు సంబంధించిన తీర్పు అయినా, అప్పగించిన వస్తువుల విషయంలో అందులోని తర్కం మీకు ఉపయోగపడుతుంది.

సొంత తాళం వేసుకున్న లాకర్ విషయంలో దారి కొంచెం కష్టమే. అయినా, ప్రకటనల్లో నిఘా కెమెరాలు, కాపలా ఉన్నాయని చెప్పి ఉంచకపోయినా, ఇంతకుముందే దొంగతనాలు జరిగినా సభ్యులను హెచ్చరించకపోయినా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్ళలోపు వేయాలి. చెల్లించిన రుసుము విలువ రూ. 5 లక్షలలోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కి ఫోను చేసి చూడండి. దుస్తులు మార్చుకునే గదిలో కెమెరా పెట్టడం నేరమే అవుతుంది కాబట్టి దానిని అడగకండి. గది గుమ్మానికి ఎదురుగా, బయటి నడవాలో ఉన్న కెమెరా దృశ్యాలను అడగండి. పాతవి చెరిగిపోయి కొత్తవి నమోదవుతుంటాయి గనుక, ఆ తేదీ దృశ్యాలను భద్రపరచమని ఈ రోజే రాతపూర్వకంగా కోరండి.

కొండాపూర్_వాసి

అందరికీ కృతజ్ఞతలు. మరొక్క సందేహం. స్టేషన్‌లో “ఫోను పోయింది” అని దరఖాస్తు ఇవ్వమంటున్నారు. అది సరిపోతుందా?

న్యాయవాది_హనుమకొండ

సరిపోదండీ. తాళం విరగ్గొట్టి తీసుకెళ్ళిన వస్తువును పారేసుకున్నట్టు రాసి ఇస్తే, భారతీయ న్యాయ సంహితలోని 303వ సెక్షన్ కింద దొంగతనం కేసు నమోదు కాదు, బీమా సంస్థ కూడా అభ్యంతరం చెప్పవచ్చు. విరిగిన తాళాన్ని పారవేయకుండా ఫోటోలతో సహా ఇచ్చి, దొంగతనమనే స్పష్టంగా రాయండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్ ప్రతిని మీకు ఉచితంగా ఇవ్వాలి.

బ్యాంకు_కౌంటర్_విజయవాడ

ఆ ఫిర్యాదు ప్రతితోనే కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో, పోయిన ఫోన్లను నిలిపివేసే సీఈఐఆర్ విభాగంలో ఫోను ఐఎంఈఐ సంఖ్యను, అంటే ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్యను, నిలిపివేయించండి. అప్పుడు ఏ కంపెనీ సిమ్ వేసినా ఆ ఫోను మన దేశంలో పనిచేయదు. ఆ సంఖ్య ఫోను కొన్న పెట్టెపైన, బిల్లుపైన ఉంటుంది. మీ ఫోనులో ఇప్పుడే *#06# నొక్కి రాసిపెట్టుకోండి. పోర్టల్ ఓటీపీ అడుగుతుంది కాబట్టి ముందుగా అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోవాలి. కొత్త సిమ్‌కు తొలి 24 గంటలు సందేశాలు రావు గనుక, సిమ్ కోసం మీ సహోద్యోగిని ఈ సాయంత్రమే దుకాణానికి పంపండి.