మోచేతి పైన ఆరు నెలల మందు: బ్యూప్రెనార్ఫిన్ ఇంప్లాంట్ పోవడం నష్టమా?

కృష్ణాతీరం
హెరాయిన్, నల్లమందు, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్లకు అలవాటుపడ్డవాళ్లకు వాటికి బదులుగా ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్‌ను చర్మం కింద ఆరు నెలలు ఉంచే ఇంప్లాంట్ ఒకటి ఉండేది. పేరు ప్రోబుఫిన్. అమెరికాలో 2016 మేలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, 2020లో కంపెనీయే అక్కడ అమ్మకం ఆపేసింది. యూరప్‌లో 2019లో సిక్స్‌మో పేరుతో అనుమతి పొందింది. దాన్ని వదులుకోవడం పొరపాటని నా వాదన. మాత్రతో వచ్చే తంటా అంతా రోజువారీ తంటానే. జేబులో పెట్టుకుని బయట అమ్మేయొచ్చు, ఇంట్లో పిల్లల నోట్లో పడొచ్చు, రెండు రోజులు మానేసి మళ్లీ హెరాయిన్‌కి పోవచ్చు. మన ఓఎస్‌టీ (ఓపియాయిడ్‌కు బదులు మందిచ్చే చికిత్స) కేంద్రాల్లో మాత్రను పొడి చేసి నాలుక కింద వేసి, కరిగేదాకా ఎదురుగా కూర్చోబెట్టేది ఇందుకే. రోజుకూలీ మీద బతికేవాడికి పొద్దున్నే ఆ వరుసలో నిలబడటమంటే సగం కూలీ పోయినట్టే. చేతి చర్మం కింద మందు ఉంటే వీటిలో ఒక్క గొడవా ఉండదు.

డోస్‌కార్డు
గొడవ ఉండదు, నిజమే. కానీ ఎవరికి ఉండదు? లేబుల్ చూడండి. రోజుకు 8 మి.గ్రా. లేదా అంతకన్నా తక్కువ మాత్ర మీద కనీసం మూడు నెలలు కుదురుగా ఉన్నవాళ్లకే అది. అంటే వరుసలో నిలబడి, మందు సరిగ్గా వేసుకుని, ఇప్పటికే నిలదొక్కుకున్నవాడికి. నిలదొక్కుకోలేనివాడికి కాదు.

ఆ షరతు ఎందుకంటే అందులో మందే తక్కువ. నాలుగు కడ్డీలు, ఒక్కోదానిలో బ్యూప్రెనార్ఫిన్ 74.2 మి.గ్రా. రక్తంలో నిలకడగా ఉండేది ఎంఎల్‌కు 0.5 నుంచి 1 నానోగ్రాము. హెరాయిన్ ఎక్కినా మత్తు తెలియకుండా గ్రాహకాలను (మెదడులో ఈ మందులు అంటుకునే చోట్లను) కప్పెయ్యాలంటే 2 నానోగ్రాములైనా కావాలంటారు. హెరాయిన్ కన్నా ఎన్నో రెట్లు ఘాటైన ఫెంటానిల్ వాడినవాడికి ఈ కడ్డీలు ఏ మూలకు?

పరీక్షల్లోనూ ఇదే కనిపిస్తుంది. 2010లో అచ్చయిన ట్రయల్‌లో చికిత్సలోకి కొత్తగా వచ్చిన 163 మందికి వేశారు. మొదటి 16 వారాల్లో ఓపియాయిడ్ లేని మూత్ర నమూనాలు ఇంప్లాంట్ గుంపులో 40.4 శాతం, ఉత్తుత్తి కడ్డీల గుంపులో 28.3 శాతం. 2016 ట్రయల్‌లో కుదురుకున్నవాళ్లనే తీసుకున్నారు. ఆరు నెలల్లో కనీసం నాలుగు నెలలు శుభ్రంగా ఉన్నవాళ్లు ఇంప్లాంట్‌తో 84 మందిలో 81, మాత్రతో 89 మందిలో 78. రెండేళ్లలో మందు మెరుగయిందా? లేదు, మారింది మనుషులు. ఆ 96 శాతాన్ని కరపత్రం మీద అచ్చేసేవాళ్లు పక్కనే ఉన్న 87.6ని మాత్రం చెప్పరు.

కృష్ణాతీరం
2010కీ 2016కీ మధ్య రెండేళ్లు కాదండీ, ఆరేళ్లు :) మిగతాది ఒప్పుకుంటా. కానీ కుదురుకున్నవాడికి రోజూ మాత్ర గుర్తుచేసుకునే బాధ తప్పించడం చిన్న విషయమా? ఉద్యోగాలు చేసుకుంటూ, ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఏళ్ల తరబడి మందు మీద ఉన్నవాళ్లు ఎంతమంది!

డోస్‌కార్డు
ఆరేళ్లే, చేతి పొరపాటు. తప్పు ఒప్పుకున్నా, లెక్క మారదు.

బ్లేడు15
ఇద్దరూ మందు గురించే మాట్లాడుతున్నారు. ప్రోబుఫిన్‌ను ముంచింది మందు కాదు, కత్తి.

వేసే తీరు చెప్తా. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి మోచేతి దగ్గర మడిచి, అరచెయ్యి తల పక్కకు వచ్చేలా తిప్పాలి. మోచేతి లోపలి ఎముక బొడిపె నుంచి 8–10 సెం.మీ. పైన, ముందు కండకూ వెనక కండకూ మధ్య గాడిలో చోటు గుర్తుపెట్టాలి. ఆ చోటు మొద్దుబారడానికి అడ్రినలిన్ కలిపిన 1 శాతం లిగ్నోకైన్ 5 ఎంఎల్. 15 నంబరు బ్లేడుతో 3 మి.మీ. లోపే కోత. కడ్డీలు దూర్చే గొట్టాన్ని 20 డిగ్రీలకు మించకుండా వాల్చి దూర్చి, వెంటనే చర్మానికి సమాంతరంగా దించి, మొనతో చర్మాన్ని పైకి ఎత్తి పట్టుకుంటూ పోవాలి. 26 మి.మీ. పొడవు, 2.5 మి.మీ. మందం ఉన్న కడ్డీలు నాలుగూ ఒకే కోత గుండా, విసనకర్ర పుల్లల్లా, కొసల మధ్య 4–6 మి.మీ. ఎడంతో. కోతకు కనీసం 5 మి.మీ. దూరంలో ఉండాలి. దగ్గరైతే కడ్డీ కోతలోంచి బయటికి నెట్టుకొస్తుంది. ఒక రోజు బిగింపు కట్టు, వారంలోపు మళ్లీ చూపించుకోవాలి.

తప్పు జరిగేది ఆ "ఎత్తి పట్టుకోవడం" దగ్గరే. మొన కిందికి జారితే కడ్డీ కొవ్వులోకో కండలోకో పోతుంది, వేలికి తగలదు. పక్కనే నరాలు, రక్తనాళాలు. పైగా ఇది ఎక్స్‌రేలోనూ సీటీలోనూ కనపడదు. అల్ట్రాసౌండ్‌కో ఎమ్మారైకో పంపాలి. చేతిలో పెట్టే గర్భనిరోధక ఇంప్లాంట్‌లో బేరియం కలిపి ఎక్స్‌రేకి తెలిసేలా చేశారు, ఇందులో ఆ మాత్రం పనీ చెయ్యలేదు.

తీయడం ఇంకా కష్టం. కడ్డీ ఈవీఏ ప్లాస్టిక్, కరగదు. ఆరు నెలల్లో చుట్టూ గట్టి పొర కడుతుంది. 7–10 మి.మీ. కోత కోసి, పొరను చీల్చి, ఒక్కొక్కటీ లాగాలి. ముక్కయితే ముక్కలు లెక్కపెట్టుకోవాలి. తీసిన కడ్డీలో ఇంకా మందు మిగిలే ఉంటుంది, చెత్తబుట్టలో పడేసేది కాదు. రోగి ఆరో నెలకు రాలేదనుకోండి, మందు నెమ్మదిగా తగ్గిపోతూ కడ్డీలు అక్కడే ఉంటాయి.

ఇంకోటి. ఒక్కో చేతికి ఒక్కసారే. రెండు చేతులూ అయ్యాక, అంటే ఏడాదికి, మళ్లీ మాత్రకే. "ఎప్పటికీ మర్చిపోవచ్చు" అనుకుని వచ్చినవాడికి ముందే చెప్పాల్సింది ఇదే. సైకియాట్రిస్టు చేతికి ఈ పని రాదు, సర్జన్ దగ్గర ఈ రోగి ఉండడు. ఆరు నెలల కిట్ జాబితా ధర 4,950 డాలర్లు ఉండేది. ఎవరు కొంటారు?

ఎదురుప్రశ్న
ఇంప్లాంట్ అనగానే అందరూ బ్యూప్రెనార్ఫిన్ వైపే వెళ్తున్నారు. నాల్ట్రెక్సోన్ ఇంప్లాంట్ సంగతి? మత్తు ఇవ్వదు, అలవాటు చెయ్యదు. రష్యాలో అదే వాడుతున్నారు కదా.

డోస్‌కార్డు
రష్యాలో అది వాడేది మెరుగని తేలి కాదు. అక్కడ చికిత్సకు మెథడోన్ (బదులుగా ఇచ్చే ఇంకో ఓపియాయిడ్), బ్యూప్రెనార్ఫిన్ రెండూ చట్టరీత్యా నిషేధం. మిగిలింది అదే.

నాల్ట్రెక్సోన్ గ్రాహకాన్ని మూసేస్తుంది. ఒంట్లో ఓపియాయిడ్ ఉండగా ఇస్తే ఒక్కసారిగా విత్‌డ్రాయల్, అంటే మత్తు మానేసినప్పుడు వచ్చే బాధలన్నీ. అందుకే ముందు 7–10 రోజులు ఏదీ లేకుండా ఉండాలి. మాత్ర అయితే ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది, ఇంప్లాంట్ అయితే ఆ నరకం అంత త్వరగా దిగదు. అమెరికాలో 570 మంది మీద చేసిన ఎక్స్‌బాట్ ట్రయల్‌లో నెలవారీ 380 మి.గ్రా. నాల్ట్రెక్సోన్ ఇంజక్షన్‌ను రోజూ నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్-నాలోక్సోన్ పల్చటి ఫిల్మ్‌తో పోల్చారు. నాల్ట్రెక్సోన్ గుంపులో అసలు మొదలుపెట్టగలిగింది 72 శాతమే, రెండో గుంపులో 94. మొదలుపెట్టినవాళ్ల వరకూ చూస్తే తేడా పెద్దగా లేదు. గడప దాటడమే కష్టం.

అసలు ప్రమాదం ఆఖర్లో. నెలల తరబడి మూసి ఉంచాక ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది. మందు దిగిపోయిన వారంలో పాత లెక్కనే ఎక్కించుకుంటే ఊపిరి ఆగుతుంది. వేసిన రోజే ముగింపు తేదీ రాసిచ్చి, ఇంట్లో ఓవర్‌డోస్‌కు విరుగుడైన నాలోక్సోన్ ఉంచమనాలి.

కృష్ణాతీరం
సరే, కత్తి గురించి బ్లేడు15 గారు చెప్పింది కాదనను. అలాంటప్పుడు నెలవారీ బ్యూప్రెనార్ఫిన్ ఇంజక్షనే దారి అంటారా?

బ్లేడు15
నా ఓటు దానికే. సబ్లొకేడ్ అనే ఆ ఇంజక్షన్ పొట్ట చర్మం కింద 300 మి.గ్రా. రెండు నెలలు, తర్వాత 100. ఒంట్లో తడి తగలగానే గడ్డకట్టి, తనే కరిగిపోతుంది, తీసే పని లేదు. మోతాదు పెంచొచ్చు, కొత్తవాళ్లకూ పనికొస్తుంది. కానీ రక్తనాళంలోకి ఎక్కితే అక్కడే గడ్డకట్టి ఊపిరితిత్తుల్లో అడ్డుపడుతుంది. అందుకే రోగి చేతికి ఇవ్వరు, నర్సు చేతుల మీదుగానే.

ఇంప్లాంట్ ఉన్నా ఇంజక్షన్ ఉన్నా ఒక జాగ్రత్త మాత్రం ఒకటే. యాక్సిడెంట్ అయి ఎముక విరిగి వచ్చినవాడికి మామూలు మోతాదు మార్ఫిన్ సరిగ్గా పట్టదు. ఒంట్లో మందు ఉందని రాసిన కార్డు పర్సులో ఉంటే ఆపరేషన్‌కు మత్తిచ్చే డాక్టరు నేరుగా నరం దగ్గర మొద్దుబార్చే ఇంజక్షన్ (బ్లాక్) ఇస్తాడు. కార్డు లేకపోతే మోతాదు పెంచుకుంటూ పోతాడు.