హీత్రోలో దిగి ఈస్ట్ హామ్‌కి చేరడం: రెండు పెద్ద సూట్‌కేసులతో, తక్కువ ఖర్చులో

అందరికీ నమస్కారం. వచ్చే నెల ఎంఎస్ చదవడానికి లండన్ వస్తున్నాను. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా ఫ్లైట్, హీత్రో టెర్మినల్ 3లో మధ్యాహ్నం దిగుతుంది. రూమ్ ఈస్ట్ హామ్‌లో దొరికింది. 23 కిలోల సూట్‌కేసులు రెండు, ఒక క్యాబిన్ బ్యాగ్, లాప్‌టాప్ బ్యాగ్ ఉంటాయి. క్యాబ్‌కి అడిగితే వాళ్లు చెప్పిన రేటు నాన్నకి చెప్పడానికి కూడా మనసు రాలేదు. ఇంత సామానుతో ట్రైన్‌లో రావచ్చా? టికెట్ ఎక్కడ కొనాలి? చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

—

తమ్ముడూ, ట్రైన్‌లోనే వచ్చెయ్, ఏం భయం లేదు. రోజూ ఎంతోమంది మనవాళ్లు అలాగే వస్తున్నారు.

అసలు పని అక్కడ ఉండగానే మొదలవుతుంది. నీ బ్యాంక్ యాప్ తెరిచి డెబిట్ కార్డుకి విదేశీ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకో. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నిబంధన వల్ల మన కొత్త కార్డుల్లో ఇవి మొదట ఆఫ్‌లోనే ఉంటాయి, అది తెలియక చాలామంది ఇక్కడి గేటు దగ్గర కార్డు ఆనించి తలుపు తెరుచుకోక కంగారు పడతారు. వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ ఉండాలి, రూపే ఒక్కటే నమ్ముకుని రావద్దు. కాంటాక్ట్‌లెస్ ఉన్న ఫారెక్స్ కార్డయినా సరే. ఇది సిద్ధంగా ఉంటే టికెట్ కొనే పనే లేదు: ఎక్కేచోట గేటు మీది పసుపు రీడర్‌కి కార్డు ఆనించు, దిగేచోట మళ్లీ అదే కార్డు ఆనించు, డబ్బులు అదే లెక్కేసుకుంటుంది. లోపలికి ఫోన్‌తో వెళ్లి బయటికి కార్డుతో వస్తే మాత్రం రెండూ వేర్వేరు ప్రయాణాలు అనుకుని ఎక్కువ పట్టేస్తుంది.

హీత్రో నుంచి మూడు రకాల రైళ్లు ఉన్నాయి. హీత్రో ఎక్స్‌ప్రెస్ పావుగంటలో పాడింగ్టన్‌లో దింపుతుంది, అప్పటికప్పుడు కొంటే సుమారు 25 పౌండ్లు, పైగా అక్కడి నుంచి మళ్లీ ఇంకో రైలు ఎక్కాలి. నీకు అది దండగ. ఎలిజబెత్ లైన్‌కి 2025లో దాదాపు 14 పౌండ్లు ఉండేది. పికడిల్లీ లైన్‌లో, అంటే మామూలు ట్యూబ్‌లో (లండన్ మెట్రోలో), ఈస్ట్ హామ్ దాకా మొత్తం కలిపి దాదాపు 6 పౌండ్లు. ఏటా మార్చిలో రేట్లు మారుతుంటాయి, బయల్దేరే ముందు లండన్ రవాణా సంస్థ టీఎఫ్‌ఎల్ సైట్‌లో ఒకసారి చూసుకో.

2, 3 టెర్మినళ్లకి కలిపి ట్యూబ్ స్టేషన్ ఒకటే. కస్టమ్స్ దాటి బయటికి రాగానే అండర్‌గ్రౌండ్ బోర్డులు పట్టుకుని నడు. ఎలిజబెత్, ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఉండే స్టేషన్ వేరు, పికడిల్లీది వేరు, అది గుర్తుంచుకో. కాక్‌ఫోస్టర్స్ అనో ఆర్నోస్ గ్రోవ్ అనో రాసి ఉన్న రైలు ఎక్కితే ఊళ్లోకి వెళ్తావు. ఇక్కడ రైలు దాదాపు ఖాళీగా ఉంటుంది, తలుపు పక్కన కాస్త జాగా చూసుకుని సూట్‌కేసులు నీ మోకాళ్లకి ఆనించి కూర్చో.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, రైలు ఎక్కడ మారాలన్నది. గూగుల్ మ్యాప్స్ ఒక్కోసారి సౌత్ కెన్సింగ్టన్‌లో మారమంటుంది. ఒక్క బ్యాగుతో అయితే పర్వాలేదు గానీ నీ సామానుతో వద్దు, ఎందుకంటే అక్కడ పికడిల్లీ ఎక్కడో లోతులో ఉంటుంది, ఈస్ట్ హామ్ వెళ్లే డిస్ట్రిక్ట్ లైన్ పైన ఉంటుంది. నువ్వు హామర్‌స్మిత్‌లో దిగు. అక్కడ ఒకే ప్లాట్‌ఫామ్‌కి ఒకవైపు పికడిల్లీ, రెండోవైపు ఊళ్లోకి వెళ్లే డిస్ట్రిక్ట్ లైన్ ఆగుతాయి, మెట్లు ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు, నాలుగడుగులు వేస్తే చాలు. కార్డు కూడా మళ్లీ ఆనించే పని లేదు. తర్వాతి స్టేషన్ బారన్స్ కోర్ట్‌లో కూడా ఇదే వీలు ఉంది కాబట్టి హామర్‌స్మిత్ దాటిపోయినా హడావిడి పడకు. డిస్ట్రిక్ట్ రైలు ఎక్కే ముందు మాత్రం బోర్డు చూడు, అప్‌మిన్‌స్టర్ లేదా బార్కింగ్ అని ఉండాలి. టవర్ హిల్ అని ఉంటే మధ్యలోనే ఆగిపోతుంది. మొత్తం గంటన్నర పైనే పడుతుంది, తొందర పెట్టుకోకు.

శని, ఆదివారాల్లో దిగేటట్టయితే టీఎఫ్‌ఎల్ గో యాప్‌లో చూసుకో, పనులకోసం కొన్ని లైన్లు మూసేస్తుంటారు. ఎయిర్‌పోర్ట్‌లో వైఫై ఫ్రీ, కాబట్టి సిమ్ లేకపోయినా ఇంటికి ఫోన్ చేయొచ్చు. అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది, బయటికి రాగానే చెయ్యి. దారి మ్యాప్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, సొరంగాల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.

—

అన్న చెప్పిన హామర్‌స్మిత్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. నాదొక మాట. రాత్రంతా నిద్ర లేక ఒంట్లో ఓపిక లేదనిపిస్తే ఆ రేటు తేడా కోసం ఆలోచించకు నాన్నా, ఎలిజబెత్ లైన్ ఎక్కి వైట్‌చాపెల్‌లో దిగు. అక్కడ లిఫ్టులున్నాయి, డిస్ట్రిక్ట్ లైన్ పట్టుకుంటే ఈస్ట్ హామ్ దగ్గరే. ఎలిజబెత్, హీత్రో ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఒకే ప్లాట్‌ఫామ్‌ల మీదికి వస్తాయి, పేరు చదివి ఎక్కు. ఇల్ఫర్డ్ వెళ్లేవాళ్లకి అయితే ఎలిజబెత్ లైనే సుఖం: షెన్‌ఫీల్డ్ రైలైతే నేరుగా వెళ్తుంది, అబ్బీ వుడ్ రైలైతే వైట్‌చాపెల్‌లో దిగి అదే ప్లాట్‌ఫామ్ మీద షెన్‌ఫీల్డ్ రైలు కోసం ఆగితే సరిపోతుంది.

అరైవల్స్‌లో ఎవరైనా దగ్గరికొచ్చి "టాక్సీ కావాలా" అంటే తలెత్తి చూడకుండా వచ్చెయ్. అలా పిలిచి ఎక్కించుకోవడం ఇక్కడ నేరం. ముగ్గురు నలుగురు ఒకే ఫ్లైట్‌లో దిగి ఒకే ఏరియాకి వెళ్తుంటే ముందే బుక్ చేసుకున్న క్యాబ్ పంచుకోవడంలో తప్పేం లేదు, అప్పుడు తలకి పడేది ట్రైన్ కంటే మరీ ఎక్కువేం కాదు.

—

చాలా థాంక్స్ అన్నా, అక్కా. బ్యాంక్ యాప్‌లో చూస్తే నిజంగానే రెండూ ఆఫ్‌లో ఉన్నాయి, ఇప్పుడే ఆన్ చేశాను. ఇంకొక్క డౌట్. నాతోపాటు ఒక ఫ్రెండ్ వస్తున్నాడు, వాడి దగ్గర రూపే కార్డే ఉంది. నా కార్డుతో ఇద్దరం రావచ్చా?

—

కుదరదు తమ్ముడూ, మనిషికో కార్డు ఉండాలి. నీ కార్డు నువ్వు వాడుకుని, మీ ఫ్రెండ్‌కి నీ ఫోన్‌లోని వేరే వీసా కార్డేదైనా ఇవ్వొచ్చు, కానీ దిగేదాకా ఫోన్ వాడి చేతిలోనే ఉండాలి, చార్జింగ్ అయిపోకూడదు. అదంతా తలనొప్పి అనుకుంటే స్టేషన్‌లో మెషిన్ దగ్గర ఆయిస్టర్ కార్డు (ముందే డబ్బులు వేసుకుని వాడే ఇక్కడి ప్రయాణ కార్డు) కొని 10 పౌండ్లు వేసుకోమను. కార్డు ఫీజు వేరే ఉంటుంది, అది తిరిగి రాదు. కానీ ఆ కార్డు తర్వాత కూడా పనికొస్తుంది, ఇక్కడ బ్యాంక్ అకౌంట్ తెరిచి కార్డు చేతికొచ్చేదాకా బస్సులకీ ట్యూబ్‌కీ అదే వాడుకోవచ్చు.