సమస్యాపూరణం: తల్లి కూడ బ్రోయె తాత బ్రోయె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. "తల్లి కూడ బ్రోయె తాత బ్రోయె". బ్రోయే అన్నదాన్ని గణం (గురులఘువుల గుంపు) కోసం బ్రోయె అని కుదించాను, దాని మీద పేచీలు వద్దు. మొదటి మూడు పాదాలు మీవి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే, నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి. ఈ సమస్య ఎందుకిచ్చానంటే, మా ఇంట్లో పొద్దున్న లేచినప్పటి నుంచీ ఇదే గోల, "బ్రో, నా సాక్స్ ఏవి" అని మా అబ్బాయి అడిగేది వాళ్లమ్మని, ఆవిడ "నాకేం తెలుసు బ్రో" అంటుంది!

కొత్త కలం: ఒక సందేహం. "కూడ బ్రోయె"లో బ్రో సంయుక్తాక్షరం కదా, ముందున్న డ గురువు (రెండు మాత్రల అక్షరం) అయిపోదా?

నిర్వాహకుడు: కాదు. రెండూ విడి మాటలు, సమాసం కాదు. డ లఘువే, ఒక మాత్రే.

ఉప్పుకల్లు:
స్నేహితుండు బ్రోయె, సీనియర్లును బ్రోయె,
పక్క యింటి యవ్వ పలుక బ్రోయె,
ఇల్లు మొత్తమందు నెవరి పేరు మిగిలె?
తల్లి కూడ బ్రోయె తాత బ్రోయె

గణపరీక్ష: యతులు బాగున్నాయి. మూడో పాదంలో ఇ-ఎ స్వరమైత్రి (అచ్చుల పొత్తు) కూడా సరే. "పలుక" మాత్రం గణం నింపడానికి తెచ్చినట్టుంది. అసలు మూడో పాదంలోనే ఉంది బాధంతా. తెలుగులో అత్త వేరు, పిన్ని వేరు, పెద్దమ్మ వేరు, వదిన వేరు, ఇన్ని మాటలు పెట్టుకుని అన్నిటికీ ఒకే రబ్బరు స్టాంపు కొడుతుంటే చిరాకు రాదా మరి.

కొత్త కలం: నాదీ చూడండి, మొదటిసారి రాస్తున్నాను.
లిటరలీ యటంచు పలుకులాడెడి వేళ
సూపరనెడి మాట సున్న యయ్యె,
వరుస లేని నోట వావి యేడ మిగులు?
తల్లి కూడ బ్రోయె తాత బ్రోయె

గణపరీక్ష: గణాలన్నీ కుదిరాయి, శభాష్. కానీ మొదటి పాదంలో లి-కి ప-తో యతి లేదు. "లిటరలీ యటంచు లేని గొప్పలు చెప్ప" అనండి, లి-లే కుదురుతుంది, అర్థం కూడా పదునెక్కుతుంది. లిటరల్ అన్న మాట పుట్టింది లాటిన్‌లో అక్షరం అనే మాట నుంచి, మన "అక్షరాలా" కూడా సరిగ్గా అలాంటిదే, అంటే అక్షరం ఎలా ఉందో అలాగే అని. ఇప్పుడేమో "లిటరల్లీ చచ్చిపోయాను" అని బతికున్నవాళ్లే చెబుతున్నారు. వావి-వరుసని విడగొట్టి రెండు చోట్ల వాడిన మూడో పాదం మీది, అది నాకు నచ్చింది.

కొత్త కలం: సరిచేసుకున్నాను, థాంక్సండీ.

అరుగు మీద:
పిల్లవాని బాస పెద్దలే నేర్చిరి,
వైబు, క్రింజు, చిల్లు, వాడి వాడి,
పిల్లలేమొ విసిగి వేరు మాట వెదుక
తల్లి కూడ బ్రోయె తాత బ్రోయె

ఉప్పుకల్లు: ఇది బాగా తగిలింది. అసలు తప్పు పిల్లలది కాదేమో అనిపిస్తోంది, వాళ్లకి అది తోటివాళ్ల మధ్య గుర్తు, పెద్దవాళ్లకి అర్థం కాకపోవడమే దాని పని. పేరెంట్స్ కూడా అదే మాట అందుకున్నారంటే ఇక దానికి రంగు పోయినట్టే, పిల్లలు వేరేది పట్టుకుంటారు. 2023లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు "రిజ్" ఆ ఏటి మాట అని ప్రకటించారు, కరిస్మాలో మధ్య ముక్క అది, నిఘంటువు వాళ్ల దాకా వెళ్లిన మాటని ఏ పిల్లాడు దాచుకుంటాడు?

గణపరీక్ష: మూడో పాదం పి-వే యతి గురించి ఎవరైనా అడిగేలోపు చెబుతున్నా, ప-వ మైత్రి చెల్లుతుంది. "పిల్ల" రెండుసార్లు పడింది, ఒకటి మార్చొచ్చు.

పాత మాస్టారు: మీ అందరి కోపం చూశాక నాకొకటి గుర్తొచ్చి రాశాను, తిట్టుకోకండి.
మిత్రు మామ యనుచు మేము పిలువలేద?
బాసు, గురు వటంచు వాగలేద?
మనది ముద్దు పలుకు, మనుమనిది మొరట?
తల్లి కూడ బ్రోయె తాత బ్రోయె

నిర్వాహకుడు: మాస్టారూ, దొరికిపోయాం. కాలేజీలో నేను మామా అని పిలవని క్లాస్‌మేట్ లేడు, ఆ లెక్కన ఎంతమంది కూతుళ్లని నాకిచ్చి పెళ్లి చేయాలో!

గణపరీక్ష: ఒప్పుకుంటాను కానీ పూర్తిగా కాదు. మేం మామా అన్నది స్నేహితుణ్ణి, మామగారిని గురూ అని పిలవలేదు. ఇక్కడ తాత దాకా వచ్చింది వ్యవహారం.

పాత మాస్టారు: మా మనవడు నన్ను బ్రో అన్నప్పుడు పక్కన కూర్చుంటాడండీ, తాతగారూ అన్న రోజుల్లో గుమ్మం దగ్గరే నిలబడేవాడు. నాకేం చిరాకు లేదు.

రెండక్షరాలు: ఆలస్యంగా వచ్చాను, అందరూ బ్రోని తిడుతుంటే మన పాత క్రియ ఒకటి గుర్తొచ్చింది, బ్రోచు, అంటే కాపాడు.
బ్రోవు మనుచు నాడు పొగడి మ్రొక్కిన నోట
బ్రో యటంచు నేడు పొసగె పిలుపు,
కాచు వారె కాదె కన్నవారు మనకు?
తల్లి కూడ బ్రోయె తాత బ్రోయె

గణపరీక్ష: ఆహా. సమస్యని విరిచారు. బ్రోచేవాడు బ్రో! బ్రో-పొ యతి రెండు పాదాల్లోనూ వచ్చింది, అందులో బ-ప వర్గమైత్రి, ఓ-ఒ స్వరమైత్రి, రెండూ శుద్ధం. సమస్య అంటే అసంగతంగా కనిపించేదాన్ని సంగతం చేయడమే కదా, మిగతా పూరణలు (నా మనసులో ఉన్నది కూడా) తిట్టి వదిలేశాయి, ఇది ఆ పని చేసింది.

నిర్వాహకుడు: ఈ వారం ఇదే మొదటిది. మాస్టారిది రెండోది.

రెండక్షరాలు: ధన్యవాదాలు. పద్యం మా వాడికి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "బ్రోచు అంటే ఏంటి బ్రో?" అన్నాడు.