31 ఏళ్ల సాంప్రాస్‌కు పది వారాల్లో అన్నకోన్ ఏం నేర్పి ఉంటాడు?

రెండో_సర్వ్ అడిగిన ప్రశ్న:

మా క్లబ్బులో ఆదివారం ఆట ముగిశాక సాగే కబుర్లలో ఈ మధ్య ఒక పాత వాదన మళ్లీ లేచింది. 2002 యూఎస్ ఓపెన్‌ను అమెరికా టెన్నిస్ ఆటగాడు పీట్ సాంప్రాస్ ఎలా గెలిచాడన్నదే ఆ వాదన. అప్పటి సంగతులు గుర్తులేని వారి కోసం కొంత చెబుతాను.

2000 వింబుల్డన్ గెలిచి రాయ్ ఎమర్సన్ పేరిట ఉన్న 12 గ్రాండ్‌స్లామ్‌ల (టెన్నిస్‌లోని నాలుగు అతిపెద్ద టోర్నీల టైటిళ్ల) రికార్డును దాటిన తరువాత, రెండేళ్లకు పైగా సాంప్రాస్‌కు ఏ టోర్నీలోనూ ఒక్క టైటిల్ దక్కలేదు. 2000లో మరాత్ సఫిన్, 2001లో లేటన్ హెవిట్ యూఎస్ ఓపెన్ ఫైనల్లో అతణ్ణి మూడేసి సెట్లలోనే ఓడించారు. 2001 ముగిసేసరికి, అంతకుముందు ఏడేళ్లుగా పక్కనే ఉన్న కోచ్ పాల్ అన్నకోన్‌తో విడిపోయాడు. 2002 తొలి ఆరు నెలల్లోనే ఇద్దరు కోచ్‌లు మారారు. మొదట టామ్ గల్లిక్సన్ వచ్చాడు, ఆ తరువాత హోసే ఇగెరాస్ వచ్చాడు. ఫ్రెంచ్ ఓపెన్‌లో మొదటి రౌండులోనే ఓటమి ఎదురైంది. వింబుల్డన్ రెండో రౌండులో అంతకన్నా దారుణం జరిగింది. ప్రపంచంలో 145వ స్థానంలో ఉన్న జార్జ్ బాస్ట్ల్, క్వాలిఫయింగ్‌లో (అసలు టోర్నీలో చోటు కోసం ముందు జరిగే పోటీల్లో) ఓడిపోయి కూడా, ఎవరో తప్పుకోవడం వల్ల ఖాళీ అయిన చోట డ్రాలోకి వచ్చినవాడు, ఏడుసార్లు వింబుల్డన్ గెలిచిన మనిషిని ఐదు సెట్లలో ఓడించాడు. ఆ మ్యాచ్‌ను సెంటర్ కోర్టులో కూడా పెట్టలేదు, రెండో నంబరు కోర్టులో ఆడించారు. వైపులు మారే విరామంలో సాంప్రాస్ కుర్చీలో కూర్చుని, బ్యాగులోంచి భార్య రాసిన ఉత్తరం తీసి చదువుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

ఆ తరువాత అతడు అన్నకోన్‌ను తిరిగి పిలిచాడు. బాస్ట్ల్ చేతిలో ఓడింది జూన్ నెలాఖరులో అయితే, యూఎస్ ఓపెన్ ఫైనల్లో ఆండ్రీ అగస్సిని ఓడించింది సెప్టెంబరు 8న. అంటే ఈ రెంటి మధ్య సుమారు పది వారాలు. నా సందేహం ఇదే. 31 ఏళ్ల వయసులో, అప్పటికే 13 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన ఆటగాడికి, ఏడేళ్ల పాటు తన దగ్గర ఉండి వెళ్లిన పాత కోచ్ పది వారాల్లో కొత్తగా నేర్పగలిగింది ఏముంటుంది? ఇదంతా కేవలం యాదృచ్ఛికమని మా క్లబ్బులో సగం మంది అంటున్నారు. తెలిసినవారు వివరిస్తే సంతోషిస్తాను.

గడ్డికోర్టు ఇచ్చిన సమాధానం:

మీ ప్రశ్నలోని “నేర్పడం” అన్న మాట దగ్గరే నాకు పేచీ ఉంది. ఆ పది వారాల్లో అన్నకోన్ నేర్పింది ఏమీ ఉండకపోవచ్చు. ఆ ఏడాదిలో సాంప్రాస్ ఆటలోకి చొరబడిన అనవసరమైన వాటిని తీసి పక్కన పెట్టాడని నా అభిప్రాయం.

ముందు అన్నకోన్ స్వయంగా ఎలాంటి ఆటగాడో గుర్తు చేసుకోవాలి. 1984లో క్వాలిఫయర్‌గా వచ్చి వింబుల్డన్ క్వార్టర్‌ఫైనల్ వరకు వెళ్లినవాడు అతడు. సర్వ్ చేయగానే నెట్ దగ్గరికి పరుగెత్తడం, ప్రత్యర్థి రెండో సర్వ్ కాస్త మెత్తగా పడితే బంతిని చిప్ చేసి (కోసినట్టు చిన్నగా కొట్టి) దాని వెంటే ముందుకు వెళ్లడం అతడి పద్ధతి. ఇగెరాస్ అందుకు పూర్తిగా భిన్నమైన బడి నుంచి వచ్చినవాడు. ఆయన స్పెయిన్ ఎర్రమట్టి కోర్టుల మీద పెరిగారు. 1989లో మైకేల్ చాంగ్ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచినప్పుడు కోచ్ ఆయనే. సాంప్రాస్‌కు అందని ద్రాక్షగా మిగిలిపోయింది ఫ్రెంచ్ ఓపెన్ ఒక్కటే కాబట్టి, ఆ చివరి కోరికతో ఇగెరాస్‌ను పిలవడాన్ని నేను తప్పుపట్టను. ఆయన గొప్ప కోచ్ అన్నదాంట్లోనూ నాకు సందేహం లేదు. అయితే ఆటలో నమ్మకం సడలిన సమయంలో, ర్యాలీని ఓపికగా నిర్మించమనే సలహా సాంప్రాస్ లాంటి ఆటగాడిని వెనక గీత దగ్గరే కట్టిపడేసే ప్రమాదం ఉంది.

కాలం కూడా అటువైపే లాగుతోంది. 2001 నుంచి వింబుల్డన్‌లో పూర్తిగా రై గడ్డి వేయడం మొదలుపెట్టారు. బంతి మునుపటి కన్నా ఎత్తుగా లేస్తోంది. కొత్తగా వస్తున్న కుర్రాళ్లు పాలియెస్టర్ తీగలతో బంతిని గట్టిగా తిప్పి, నెట్ దగ్గర నిలబడిన వాడి పాదాల దగ్గర పడేస్తున్నారు. సాంప్రాస్ చేతిలో మాత్రం అదే 85 చదరపు అంగుళాల తలతో ఉన్న పాత రాకెట్, అవే గట్ తీగలు. ఇలాంటి స్థితిలో ఎవరికైనా నెట్‌కు వెళ్లాలంటే జంకు పుడుతుంది. ఆ జంకును “తెలివైన ఆట” అని పిలుచుకోవడం చాలా సులభం.

చిన్నతనంలో రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ కొట్టే కుర్రాణ్ణి, వింబుల్డన్ గెలవాలంటే ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ కావాలని అప్పటి కోచ్ పీట్ ఫిషర్ పట్టుబట్టి మార్పించాడు. అంటే ఆ మనిషి ఆట పునాదుల నుంచీ ముందుకు దూసుకెళ్లడం కోసమే కట్టింది. ఆ సంగతి అన్నకోన్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1995 నుంచి 2000 వరకు సాంప్రాస్ గెలిచిన ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లనూ అతడు దగ్గరుండి చూశాడు.

అగస్సితో ఆడిన ఆ ఫైనల్‌ను వీలైతే మళ్లీ చూడండి. ప్రపంచంలోనే అత్యుత్తమంగా సర్వ్‌ను తిప్పికొట్టే ఆటగాడికి ఎదురుగా, సాంప్రాస్ మొదటి సర్వ్ తరువాతే కాదు, రెండో సర్వ్ వెంట కూడా నెట్‌కు వెళ్తాడు. 33 ఏస్‌లు (ప్రత్యర్థి అందుకోలేని సర్వ్‌లు) కొట్టాడు. చివరి పాయింటు కూడా ఖాళీగా ఉన్న కోర్టులోకి తోసిన బ్యాక్‌హ్యాండ్ వాలీయే (బంతి నేల తాకకముందే కొట్టే దెబ్బ). ఇంకొక విషయం. ఆ రోజుల్లో మ్యాచ్ మధ్యలో కోచ్ ఒక్క ముక్క చెప్పడానికి కూడా వీల్లేదు. గ్యాలరీలో కూర్చుని చూడటమే. కాబట్టి అన్నకోన్ చేసిన పని ఏదైనా సరే, ఆటగాడు కోర్టులో అడుగుపెట్టే లోపే పూర్తయి ఉండాలి.

లెక్క_చూద్దాం ఇచ్చిన సమాధానం:

గడ్డికోర్టు గారి వివరణ చదవడానికి బాగుంది గానీ, ఇందులో కోచ్ వాటాను మనం కొండంత చేస్తున్నామేమో ఆలోచించాలి. అన్నకోన్ తిరిగి వచ్చాక కూడా యూఎస్ ఓపెన్‌కు ముందు జరిగిన టోర్నీల్లో సాంప్రాస్ ఒక్కటి కూడా గెలవలేదు. న్యూయార్క్‌లో 17వ సీడ్‌గా దిగి, మూడో రౌండులో గ్రెగ్ రుసెడ్‌స్కీ మీద ఐదు సెట్ల దాకా ఈదాల్సి వచ్చింది. ఆ ఐదో సెట్‌లో నాలుగు పాయింట్లు అటూ ఇటూ అయి ఉంటే, ఈ రోజు మనం “పాత కోచ్ దగ్గరికి వెళ్లినా ఫలితం లేకపోయింది” అని రాసుకుంటూ ఉండేవాళ్లం. అంతకుముందు ఏడాది ఫైనల్లో తనను చిత్తు చేసిన హెవిట్‌ను ఈసారి సెమీఫైనల్లో అగస్సి పడగొట్టాడు. ఆ అగస్సికి అప్పటికి 32 ఏళ్లు. సెమీస్ శనివారం, ఫైనల్ ఆదివారం. గెలిచాక వెనక్కి తిరిగి చూస్తే ప్రతిదానికీ ఒక కారణం కనబడుతుంది.

మూడో_సెట్ ఇచ్చిన సమాధానం:

ఒక్క ఉదాహరణతో తేలే విషయం కాదు కాబట్టి మరో రెండింటితో పోల్చి చూద్దాం.

నొవాక్ జకోవిచ్ 2006 నుంచి తన వెంట ఉన్న కోచ్ మరియన్ వాజ్దాతో 2017 మేలో విడిపోయాడు. అగస్సి వచ్చాడు, రాడెక్ స్టెపానెక్ వచ్చాడు. ఈలోగా మోచేతి నొప్పి ముదిరి 2018 తొలి నెలల్లో శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. ఆ తరువాత ఇండియన్ వెల్స్‌లోనూ మయామీలోనూ మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాడు. ఏప్రిల్‌లో వాజ్దా తిరిగి వచ్చాడు. వెంటనే అద్భుతం ఏమీ జరగలేదు. ఫ్రెంచ్ ఓపెన్ క్వార్టర్‌ఫైనల్లో మార్కో చెకినాటో చేతిలో ఓడినప్పుడు, గడ్డి కోర్టుల మీద ఆడతానో లేదో కూడా తెలియదని జకోవిచ్ అన్నాడు. దాదాపు ఆరు వారాల తరువాత అదే మనిషి వింబుల్డన్ విజేత. యూఎస్ ఓపెన్ కూడా గెలిచి, ఆ ఏడాదిని ప్రపంచ నంబర్ వన్‌గా ముగించాడు. వాజ్దా ఘనత ఎంతో, మానిన మోచెయ్యి ఘనత ఎంతో విడదీసి చెప్పడం నా వల్ల కాదు. అయితే ఓటమి వచ్చిన మర్నాడు కంగారు పడని వాడు పక్కన ఉండటానికి కొంత విలువ ఉందని మాత్రం అనుకుంటాను.

రెండో ఉదాహరణ ఆండీ ముర్రేది. ఇది లెక్క_చూద్దాం గారి వాదనకు బలం ఇస్తుంది. ముర్రే గెలిచిన మూడు గ్రాండ్‌స్లామ్‌లూ ఇవాన్ లెండిల్ కోచ్‌గా ఉన్నప్పుడే వచ్చాయి. 2014లో విడిపోయి 2016 జూన్‌లో కలిసినప్పుడు, కొద్ది వారాల్లోనే వింబుల్డన్, ఆ వెంటనే రియో ఒలింపిక్ స్వర్ణం, ఏడాది చివరికి నంబర్ వన్ ర్యాంకు దక్కాయి. 2022లో మూడోసారి కలిశారు. అప్పటికి ముర్రే తుంటిలో లోహపు కీలు ఉంది. స్టుట్‌గార్ట్‌లోనూ దోహాలోనూ ఫైనల్ దాకా వెళ్లాడు గానీ, ఏటీపీ టూర్ టైటిల్ ఒక్కటీ రాలేదు. 2023 ముగిసేలోగా మళ్లీ విడిపోయారు. లెండిల్ అదే లెండిల్, ముర్రే పట్టుదల కూడా అదే. శరీరం మాత్రం అది కాదు. 2002లో సాంప్రాస్ ఆట చెదిరింది గానీ శరీరం విరగలేదు. ఈ తేడాను పట్టించుకోకుండా పాత కోచ్ మహిమను కొలవలేమని నా ఉద్దేశం.

మాస్టారి_శిష్యుడు ఇచ్చిన సమాధానం:

పెద్ద ఆటగాళ్ల మధ్య నా అనుభవం చెప్పడం కొంచెం అతిశయంగా అనిపించవచ్చు. కానీ గడ్డికోర్టు గారు చెప్పిన “తీసి పక్కన పెట్టడం” అంటే ఏమిటో నేను కళ్లారా చూశాను.

ఇరవై ఏళ్ల క్రితం మా ఊరి మట్టి కోర్టులో నాకు టెన్నిస్ నేర్పిన మాస్టారి దగ్గరికి, నలభై దాటిన వారి పోటీలకు ముందు వెళ్లాను. మధ్యలో నగరంలో ముగ్గురు కోచ్‌ల దగ్గర నేర్చుకున్నాను. ఒకరు రాకెట్ పట్టు మార్చారు, ఒకరు నిలబడే తీరు మార్చారు, ఇంకొకరు నా సర్వ్‌ను వీడియో తీసి కోణాలు చూపించారు. అయినా నా సర్వ్ నెట్‌కు తగులుతూనే ఉంది. మాస్టారు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పది పన్నెండు సర్వ్‌లు మౌనంగా చూశారు. “ఎడమ చెయ్యి ముందే దించేస్తున్నావురా, నువ్వు పద్నాలుగేళ్లప్పుడు అలా చేసేవాడివి కాదు” అన్నారు. అంతే. బంతి ఎగరేసిన చెయ్యిని ఇంకాస్సేపు పైనే ఉంచితే భుజం వాలకుండా నిలిచింది, బంతి నెట్ దాటింది. ఆ ముగ్గురు కోచ్‌లకూ తెలివి తక్కువై కాదు. పద్నాలుగేళ్లప్పటి నా సర్వ్ వారెవరూ చూడలేదు.

మన దగ్గరే జరిగిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఆట వేరైనా విషయం ఇదే. సైనా నెహ్వాల్ 2014లో హైదరాబాద్ వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్లింది. దాన్ని పొరుగింటి పుల్లకూర రుచి అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఆయన శిక్షణలోనే 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం గెలిచింది. రియో ఒలింపిక్స్ నాటికి మోకాలి గాయం దెబ్బతీసింది. 2017 సెప్టెంబరులో మళ్లీ పుల్లెల గోపీచంద్ దగ్గరికి వచ్చింది. 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో పి.వి. సింధును ఓడించి స్వర్ణం అందుకుంది. అదే అకాడమీలో సింధు అప్పటికే ప్రధాన క్రీడాకారిణిగా ఉన్న చోటికి తిరిగి రావడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించండి. ఆటగాడు తిరిగి వెళ్లిన కథలే మనం చెప్పుకుంటాం గానీ, వదిలి వెళ్లిన శిష్యుణ్ణి తిరిగి రానిచ్చిన గురువు గురించి తక్కువ మాట్లాడుకుంటాం. అన్నకోన్ కూడా అప్పటికి అమెరికా టెన్నిస్ సంఘంలో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. రానని చెప్పి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

రెండో_సర్వ్ (ప్రశ్న అడిగినవారు):

సమాధానాలు ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు. లెక్క_చూద్దాం గారు చెప్పినట్టు రుసెడ్‌స్కీతో మ్యాచ్ ఎటైనా పోయి ఉండవచ్చు. అయితే ఆ మ్యాచ్ ఓడిన రుసెడ్‌స్కీ, సాంప్రాస్ ఒకటిన్నర అడుగు నెమ్మదించాడని, తరువాతి రౌండులో ఓడిపోతాడని పత్రికల వారితో అన్నాడు. ఆ మాట తరువాత సాంప్రాస్ టామీ హాస్‌ను నాలుగు సెట్లలో, 20 ఏళ్ల ఆండీ రాడిక్‌ను 6-3, 6-2, 6-4తో, సెమీస్‌లో షెంగ్ షాల్కెన్‌ను మూడు సెట్లలో ఓడించాడు. ముఖ్యంగా రాడిక్‌తో మ్యాచ్ నా మటుకు అదృష్టం ఖాతాలో వేయలేను.

మూడో_సెట్ గారు చెప్పిన శరీరం, ఆట మధ్య తేడా మా క్లబ్బులో ఎవరికీ తట్టలేదు. వచ్చే ఆదివారం దాన్నే ముందు పెడతాను.

మాస్టారి_శిష్యుడు గారి మాటలు చదివాక నాకు గుర్తొచ్చిన ఒక్క విషయం రాసి ముగిస్తాను. ఆ ఫైనల్ తరువాత సాంప్రాస్ టూర్‌లో మరో మ్యాచ్ ఆడలేదు. అయితే అప్పటికప్పుడు రిటైర్మెంట్ కూడా ప్రకటించలేదు. 2003లో వింబుల్డన్ కోసమని అన్నకోన్‌తో కలిసి సాధన మొదలుపెట్టి, కొద్ది రోజులకే ఇక చాలని అతడితోనే చెప్పాడు. మిగతా ప్రపంచానికి ఆ సంగతి అధికారికంగా తెలిసింది ఆగస్టులో, న్యూయార్క్‌లో వీడ్కోలు సభ జరిగినప్పుడు.